వలస వెళ్ళే యువతకు తోడు: యువ కార్యకర్త నేర్వవలసిన పాఠాలు



ప్రతి ఏడాది సంక్రాంతి సెలవుల తర్వాత మన హాస్టళ్ళలో కొన్ని ట్రంకు పెట్టెలు తెరుచుకోవు. వార్డెన్ సారు కబురు పెడితే "మిరపకాయలు ఏరనీకి పోయిండు" అని ఊరి నుంచి జవాబు వస్తుంది. మిర్చి కోత జనవరిలో మొదలై ఏప్రిల్ దాకా సాగుతుంది. పదో తరగతి పరీక్షలు మార్చిలో వస్తాయి. ఈ రెండూ ఒకే కాలంలో పడటం వల్ల ఎందరి చదువు ఆగిపోయిందో మనందరికీ తెలుసు. మా ఇళ్ళల్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. మా అమ్మానాన్నలు కూడా సీజను కూలికి వెళ్ళినవారే. పీజీలో వలసల గురించి చదువుతున్నప్పుడు పుస్తకంలో కంటే మన ఊళ్ళలోనే ఎక్కువ పాఠాలు ఉన్నాయనిపించింది. వాటిని మీతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వలస అంటే ఏమిటి?

బతుకుదెరువు కోసమో, చదువు కోసమో, ప్రాణభయం వల్లనో ఉన్న ఊరు విడిచి వెళ్ళడమే వలస. ఆ లెక్కన పల్లె నుంచి హాస్టల్‌కు వచ్చిన మనం కూడా వలస వచ్చినవాళ్ళమే. కాకపోతే మనకు ఇక్కడ అన్నం, మంచం, హాజరు పట్టీలో పేరు ఉన్నాయి. మిరప చేలో డేరా కింద పడుకునే పిల్లవాడికి ఈ మూడూ లేవు. కాబట్టి వలస వెళ్ళడం తప్పు కాదు. పేరు, చదువు, తిరిగివచ్చే దారి తెగిపోయేలా వెళ్ళవలసి రావడమే అసలు కష్టం. యువ కార్యకర్త పని వలసను ఆపడం కాదు, ఆ మూడూ తెగకుండా చూడటం. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతా శిక్షణ అంతా తేలిక.

మన సరిహద్దులో వలస తీరు

ఖమ్మం, భద్రాచలం ప్రాంతానికి మూడు వైపుల నుంచి రాకపోకలున్నాయి.

మొదటిది సీజను వలస. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్, దంతెవాడ జిల్లాల ఆదివాసులు కోంట, చర్ల, వెంకటాపురం దారుల్లో మిర్చి కోతకు వస్తారు. కొన్నిచోట్ల డబ్బుకు బదులు మిర్చే కొలిచి కూలీ కింద ఇస్తారు. మన పల్లెల యువకులేమో హైదరాబాద్ భవన నిర్మాణ పనులకు, కోళ్ళ ఫారాలకు, బోరు బండ్లకు వెళ్తారు.

రెండవది భయంతో వచ్చిన వలస. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ పల్లెల నుంచి వేలమంది అడవి దాటి అప్పటి ఖమ్మం జిల్లాకు వచ్చి గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళను మనవాళ్ళు గొత్తికోయలని పిలుస్తారు. సల్వాజుడుం పేరుతో ఆదివాసీ యువకులకు ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పింది. అప్పటికే ఎందరో పిల్లలు ఇక్కడే పుట్టి పెరిగారు. ఇక్కడ ఎస్టీ గుర్తింపు దొరకక, కుల ధ్రువపత్రం లేక వాళ్ళ చదువులు ఏళ్ళ తరబడి ఇబ్బంది పడుతూ వచ్చాయి.

మూడవది గీత మారడం వల్ల, నీళ్ళ వల్ల వచ్చిన కష్టం. పోలవరం ప్రాజెక్టు కారణంగా 2014లో కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మొదలైన మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. మనిషి కదలకపోయినా రాష్ట్రం మారింది. భద్రాచలంలో చదివే కుక్కునూరు పిల్లవాడు పొరుగు రాష్ట్రం వాడయ్యాడు. ఇక గోదావరి సంగతి చెప్పనక్కర లేదు. భద్రాచలం దగ్గర 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జూలైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. వరద వచ్చిన ఏడాది అప్పు పెరుగుతుంది. అప్పు పెరిగిన ఏడాది వలస పెరుగుతుంది.

ఒక చేదు పాఠం

2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ పెట్టినప్పుడు మిర్చి కూలీలు చేలల్లోనే చిక్కుకుపోయారు. ములుగు జిల్లా పేరూరు వైపు కోతకు వచ్చిన బీజాపూర్ జిల్లా అమ్మాయి ఒకరు తోటివాళ్ళతో కలిసి అడవి దారిన ఇంటికి బయలుదేరింది. మూడు రోజులు నడిచి, ఇల్లు చేరకముందే ఏప్రిల్ 18న చనిపోయింది. వయసు 12 ఏళ్ళు. ఆరో ఏడో తరగతిలో ఉండవలసిన పిల్ల. ఆ అమ్మాయి ఏ ఊరి నుంచి ఏ చేనుకు వచ్చిందో, ఎవరితో వచ్చిందో రాసిన కాగితం ఒక్కటి ఈ ఊళ్ళో ఉండి, ఆ పేరు అడిగి చూసేవాళ్ళు ఒక్కరుంటే బాగుండేదనిపిస్తుంది. యువ కార్యకర్త అవసరం ఎంతుందో ఇంతకంటే వేరే చెప్పాలా?

చదువుకున్న యువతే ఎందుకు?

మన రాష్ట్రంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. 1981లో ఏర్పడిన ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చింది. ఆ పని చేసింది ఎక్కువగా పట్నం నుంచి వచ్చిన పెద్దవాళ్ళు కాదు. ఆ ఊళ్ళలోనే పుట్టి, ఇంట్లో మొదటిసారి చదువుకున్న యువతీ యువకులే ఇల్లిల్లూ తిరిగారు. పని మాన్పించిన పిల్లలను కొన్ని నెలలు శిబిరంలో చదివించి వయసుకు తగిన తరగతిలో చేర్చారు. ఆ సంస్థను నడిపించిన ఆచార్య శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసె అవార్డు వచ్చింది. మొదటి తరం చదువరి మాటను తల్లిదండ్రులు నమ్ముతారన్నదే ఆ అనుభవం చెప్పే పాఠం. "మా అమ్మ కూడా ఇట్లాగే ఏరింది, నేను మాత్రం చదువుకున్న" అని చెప్పగలిగేది మనమే. పైగా మన హాస్టళ్ళలో తెలుగుతో పాటు కోయ భాష తెలిసినవాళ్ళు ఉన్నారు. అది ఏ శిక్షణా ఇవ్వలేని ఆస్తి.

శిక్షణలో నేర్వవలసిన ఐదు పనులు

1. కాలపట్టిక తయారు చేయడం. అక్టోబర్ నుంచి పత్తి ఏరుడు, జనవరి నుంచి మిర్చి, మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపువ్వు, ఎండాకాలంలో తునికాకు, జూన్‌లో బడి తెరవడం, జూలై, ఆగస్టులలో వరద. ఈ పట్టిక గోడకు ఉంటే ఏ నెలలో ఏ ఇంటికి ముందుగా వెళ్ళాలో తెలుస్తుంది. బండి ఎక్కిన తర్వాత చెప్పే మాట కంటే పదిహేను రోజుల ముందు చెప్పే మాటకే విలువ.

2. మాట్లాడటం. దీన్ని ఇద్దరిద్దరుగా నటించి నేర్చుకోవాలి. "పిల్లగాణ్ణి చేనుకు తీస్కొస్తరా? కేసైతది తెలుసా?" అని మొదలుపెడితే తల్లి తలుపేసుకుంటుంది. "అక్కా, ఏ ఊరి నుంచి వచ్చిన్రు? తోవల ఇబ్బంది కాలే గద? చిన్నోడు ఎన్నో తరగతి దాకా చదివిండు?" అని అడిగితే కూర్చోమంటుంది. మొదటి రోజు వినడమే పని. సలహా రెండో రోజుకు ఉంచుకోవాలి.

3. పేరు రాయడం. వెళ్ళేవారి పేరు, ఎక్కడికి, ఎవరి వెంట, మేస్త్రీ ఫోను నంబరు, తీసుకున్న అడ్వాన్సు, తిరిగివచ్చే తేదీ. ఒక కాగితం ఇంట్లో, ఒకటి మన దగ్గర. వాళ్ళు ఒప్పుకుంటేనే రాయాలి. ఆ పుస్తకం ఎవరికి పడితే వారికి చూపకూడదు. భయపడి వచ్చినవారి పేర్లు బయటపడితే వారికే ప్రమాదం.

4. చట్టం తెలుసుకోవడం. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని 4వ సెక్షన్, వలస కుటుంబాల పిల్లలను చేర్చే బాధ్యత స్థానిక అధికారులదని 9వ సెక్షన్ చెబుతున్నాయి. వయసు రుజువు లేదని చేర్చుకోకుండా ఉండరాదని 14వ సెక్షన్ చెబుతుంది. అడ్వాన్సు పేరుతో మనిషిని కట్టిపడేయడం 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టం ప్రకారం నేరం. ఆ అప్పు తీర్చనక్కర లేదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక కోడ్ వచ్చింది. మేస్త్రీ లేకుండా సొంతంగా వచ్చినవారిని కూడా అది వలస కార్మికులుగా లెక్కిస్తుంది. అయితే పదిమంది, అంతకు మించి ఉన్న చోటికే ఆ భాగం వర్తిస్తుంది కనుక చిన్న రైతు చేలో నలుగురు కూలీలకు అది అందదు. అక్కడ మన మాటసాయమే ఆధారం. జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉన్న రేషన్ కార్డుపై ఏ రాష్ట్రంలోనైనా బియ్యం తీసుకోవచ్చన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. 2022 జూన్ నాటికి అన్ని రాష్ట్రాలూ ఈ ఏర్పాటులో చేరాయి.

5. ప్రమాదం గుర్తుపట్టడం. ఎక్కడికో చెప్పకుండా పని ఇప్పిస్తామనడం, ఆధార్ కార్డు, ఫోను తీసి దాచుకోవడం, ఆడపిల్లను ఒంటరిగా పంపమనడం, పెద్ద మొత్తం ముందే చేతిలో పెట్టడం. ఇందులో ఏ రెండు కనిపించినా ఆలస్యం చేయవద్దు. పిల్లల విషయమైతే 1098కు ఫోన్ చేయాలి.

మన హద్దులు

యువ కార్యకర్త పోలీసు కాదు, లీడరూ కాదు. మేస్త్రీతో ఒంటరిగా తగాదాకు దిగకూడదు. రాత్రిపూట ఒక్కరే డేరాల దగ్గరికి వెళ్ళకూడదు. ఊళ్ళో టీచర్, అంగన్‌వాడీ అక్క, సర్పంచ్, వీరిలో ఒకరికైనా చెప్పి వెళ్ళాలి. చేయలేని సాయం చేస్తామని మాట ఇవ్వకూడదు. మాట తప్పిన ఇంటికి రెండోసారి వెళ్ళలేం. ఇంకొక్క మాట. రైతును శత్రువుగా చూడవద్దు. మిరప కాయ పండాక సకాలంలో తెంపకపోతే ఆయన అప్పులపాలవుతాడు. పిల్లలను పనిలో పెట్టకుండా పెద్దలకే కూలి ఇమ్మని ఆయనతో కూర్చుని మాట్లాడితే వినే రైతులు ఉంటారు.

అభ్యాసం

హాస్టల్‌లో ఏడు, ఆపై తరగతుల వారు ఈ మూడూ చేసి చూడండి.

(1) మీ ఊరి వలస కాలపట్టిక గీయండి. అమ్మమ్మను, తాతయ్యను అడిగితే ఇరవై ఏళ్ళ కిందటి పట్టిక కూడా వస్తుంది. రెండింటిలో ఏది మారిందో రాయండి.

(2) గత రెండేళ్ళలో మన హాస్టల్ మధ్యలో మానేసినవారి పేర్లు రాసి, ఇప్పుడెక్కడున్నారో కనుక్కోండి. వారిలో 14 ఏళ్ళు దాటనివారి వివరాలు వార్డెన్ సారుకు ఇవ్వండి.

(3) కోయ తెలిసినవారు తెలియనివారికి ఇరవై మాటలు నేర్పండి. పేరు, ఊరు, అన్నం, నీళ్ళు, జ్వరం, బడి, భయం లాంటివి ముందు.

పూర్వ విద్యార్థులకు మా మనవి ఒకటే. ఉద్యోగాలున్న అన్నలు, అక్కలు హైదరాబాద్‌లోనో ఖమ్మంలోనో ఉంటూ తమ ఫోను నంబరు హాస్టల్‌కు ఇస్తే చాలు. పనికి పోయిన తమ్ముడికి తెలియని ఊళ్ళో తెలిసిన గొంతు ఒకటి ఉంటుంది. రాబోయే డిసెంబర్‌లో, మిర్చి మేస్త్రీలు ఊళ్ళకు రాకముందే, ఒక ఆదివారం హాస్టల్‌లో ఈ ఐదు పనుల మీద శిక్షణ పెడదామని మేము అనుకుంటున్నాం. నోటుబుక్కు, పెన్ను తెచ్చుకుని రండి.