నిలబడవద్దు: గాలీ నది నేర్పిన పాఠం



పోయిన నెల మన ఫెలోషిప్‌లోని ఒక సిస్టర్ ఫోన్ చేశారు. "బ్రదర్, మన యూత్ పిల్లలు సెప్టెంబరులో వెస్ట్ వర్జీనియాకు రాఫ్టింగ్‌కు వెళ్తామంటున్నారు. మీరు అక్కడ ఆ చిన్న పడవ నడుపుతారు కదా. మా వాణ్ణి పంపమంటారా, వద్దంటారా?" అని అడిగారు. నాకు వెంటనే నోట మాట రాలేదు. ఆమె ఎందుకు భయపడుతున్నారో నాకు తెలుసు. ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చిన మన తెలుగు పిల్లలు నదిలోనో, జలపాతం కిందో, సరస్సులోనో మునిగిపోయారన్న వార్త మనం ఎన్నిసార్లు చదివాము! ఎన్నిసార్లు వాట్సాప్‌లో చందాలు పోగుచేసి భౌతికకాయాన్ని ఊరికి పంపించాము! అందుకే ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి పెట్టేయకుండా, ఆమెకు ఇవ్వవలసిన జవాబును ఇక్కడ పాఠంగా రాస్తున్నాను. తల్లిదండ్రులు, పిల్లలు కలిసి చదవండి.

పిల్లలు వెళ్తామంటున్న నది పేరు గాలీ. మా అమ్మకు చెబితే "గాలి నదేమిట్రా, అందులో నీళ్ళు లేవా?" అని నవ్వింది. నీళ్ళకేమీ కొదవ లేదు. అప్పలేచియన్ కొండలను కోసుకుంటూ, రోడ్డు కనబడని లోతైన లోయలో పారి, చివరకు న్యూ రివర్‌తో కలుస్తుంది. సమ్మర్స్‌విల్ డ్యాం దిగువన ఆ లోయలో 668 అడుగులు కిందికి దిగుతుంది. దారిలో 100కు పైగా రాపిడ్లు, అంటే నీరు బండల మీదుగా నురగలు కక్కుతూ దూకే చోట్లు ఉన్నాయి. వాటిని ఒకటి నుంచి ఆరు వరకు తరగతులుగా లెక్కిస్తారు. ఎగువ గాలీలో అయిదో తరగతివే అయిదు ఉన్నాయి.

ఆ డ్యాం 1966లో పూర్తయింది. దగ్గరలోని ఊరి పేరు పెట్టడం ఆనవాయితీ అట. అయితే ఆ ఊరి పేరు గ్యాడ్. దాని పక్కన డ్యాం అన్న మాట చేరిస్తే ఇంగ్లీషులో తిట్టులా వినబడుతుందని సమ్మర్స్‌విల్ పేరు పెట్టారని చెబుతారు. మన మీటింగుల్లో ఆ పేరు పలకవలసిన ఇబ్బంది తప్పింది! చలికాలం, వసంతకాలం వరదలకు చోటు ఉండాలని ప్రతి శరదృతువులో జలాశయం మట్టాన్ని తగ్గిస్తారు. లేబర్ డే తరువాతి శుక్రవారం మొదలుకొని దాదాపు ఆరు వారాంతాలు నీరు వదులుతారు. దాన్నే గాలీ సీజన్ అంటారు. పడవలవాళ్ళ కోసం నీరు వదలడం కూడా ఆ డ్యాం పనుల్లో ఒకటని 1986లో అమెరికా కాంగ్రెస్ చట్టంలో చేర్చింది.

సాధారణంగా వదిలేది 2,800 క్యూసెక్కులు. ఈ అంకె మొదటిసారి విన్నప్పుడు నేను తేలిగ్గా తీసుకున్నాను. మాది కోనసీమ. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే గాని మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేయరు. అలాంటి గోదావరిని చూసి పెరిగినవాడికి 2,800 ఒక లెక్కా? కాని లెక్క వేసి చూడండి. సెకనుకు సుమారు 79 వేల లీటర్లు. హైదరాబాదులో అపార్ట్‌మెంట్లకు వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లు సెకనుకు పదహారు చొప్పున ఒక ఇరుకు సందులోకి గుమ్మరిస్తున్నట్టు. గోదావరికి ఒళ్ళు చాచుకోవడానికి మైళ్ళ వెడల్పు ఉంది. గాలీకి లేదు. పైగా నీటి వడి రెండింతలైతే, అది మన ఒంటిని తోసే బలం నాలుగింతలవుతుంది.

ఇక ఆ నీటిని చదవడం గురించి. గాలీలో పిల్లో రాక్ అని ఒక చోటుంది. నదిలో సగం నీరు నేరుగా ఇల్లంత బండకు కొట్టుకుని, దిండులా ఉబ్బి వెనక్కి పడుతుంది. దాని హోరు చాలా ముందుగానే వినబడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నా నోరు ఎండిపోయింది. నాకు నేర్పిన గురువు, అరవై దాటిన అమెరికన్ పెద్దాయన, ఆ బండను కాకుండా అవతల ప్రశాంతంగా కనబడుతున్న మరో చిన్న బండను చూపించి, "నువ్వు భయపడవలసింది దానికి" అన్నారు. దాని దగ్గర చప్పుడు లేదు, నురగ లేదు. నీరు మెత్తగా వెళ్ళి దాన్ని తాకి మాయమవుతోంది.

ఎక్కడికి మాయమవుతోంది? బండ కిందికి. ఇక్కడి ఇసుకరాతి బండలను నీరు కింద భాగంలో తొలిచేసింది. వాటిని అండర్‌కట్ అంటారు. దిండులా ఉబ్బిన నీరుంటే కింద గట్టి రాయి ఉందని, నీరు వెనక్కి తన్నుతోందని అర్థం. ఆ నీరే మనల్ని కూడా కొంతవరకు పక్కకు నెడుతుంది. ఉబ్బు లేని బండ నీటిని మింగుతుంది. నీటితోపాటు పడవను, మనిషిని కూడా మింగుతుంది. నదిలో పడిపోయిన చెట్టు కూడా అంతే. కొమ్మల మధ్య నుంచి నీరు పోతుంది, మనిషి టీ వడకట్టులో ఆకులా ఉండిపోతాడు. హోరుకు జడిసి, నిశ్శబ్దం వైపు పడవ తిప్పడం కొత్తవాళ్ళు చేసే పొరపాటు.

నీటిలో మనకు సహజంగా తోచేది చాలాసార్లు తప్పే అవుతుందని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. కయాక్ అంటే నడుము దాకా బిగించుకుని కూర్చునే సన్న పడవ. బోల్తా పడితే తల కిందికి ఉంటుంది. నడుము విసురుతో పడవను తిప్పి పైకి లేవడాన్ని రోల్ అంటారు. ఊపిరి కోసం ముందు తల పైకెత్తాలనిపిస్తుంది. ఎత్తామా, పడవ మళ్ళీ మునుగుతుంది. ముందు పడవ తిరగాలి, తల చివర రావాలి. నలభై ఒకటో ఏట స్విమ్మింగ్ పూల్‌లో ఈ ఒక్క సంగతి నేర్చుకోవడానికి నాకు ఒక చలికాలమంతా పట్టింది. అలాగే పడవ అడ్డంగా బండకు తగలబోతే ఒళ్ళు వెనక్కి లాక్కోవాలనిపిస్తుంది. వెనక్కి వాలితే ఎగువ అంచు కిందికి దిగి, నీరు దాన్ని పట్టి తిప్పేస్తుంది. బండ మీదకే వాలాలి. రాఫ్ట్‌లో గైడ్ "హై సైడ్!" అని అరిస్తే అందరూ పైకి లేస్తున్న వైపుకు, అంటే సాధారణంగా బండ వైపుకే, ఎగబడాలి. ఆలోచించుకునే సమయం ఉండదు.

అయితే అన్నిటికంటే నేను చెప్పదలచుకున్నది నిలబడడం గురించి.

నేను మా ఊరి కాలువలో ఈత నేర్చుకున్నాను. కాలువలో అలిసిపోతే కాళ్ళు కిందపెట్టి, నేల తగిలితే హమ్మయ్య అని నిలబడేవాళ్ళం. అదే క్షేమం. కయాక్ మొదలుపెట్టిన రెండో ఏడు, గాలీలో కాదు, పిల్లలు కూడా వెళ్ళే రెండో తరగతి నదిలో బోల్తా పడ్డాను. రోల్ కుదరలేదు. పడవలోంచి బయటపడి కొట్టుకుపోతుంటే కాలికి నేల తగిలింది. నీళ్ళు తొడ లోతే. పాత అలవాటుగా నిలబడ్డాను.

కుడికాలు రెండు రాళ్ళ మధ్యలోకి దిగి ఇరుక్కుంది. మరుక్షణం నీరు వెనకనుంచి తోసింది. ముందుకు బోర్లాపడ్డాను. కాలు కదలదు. వీపు మీద నీటి బరువు. చేతులతో ఒక రాయిని ఆనుకుని మొహం పైకెత్తితే ఒక గుక్క గాలి, తరువాత మళ్ళీ నీళ్ళు. ఈత ఎంత వచ్చినా అక్కడ ఏం ఉపయోగం? తొడ లోతు నీళ్ళలో, ఒడ్డున కూర్చుని భోంచేస్తున్న మనుషులు కనబడుతుండగా మునిగిపోతున్నాను. గురువుగారు నాకు పది అడుగుల దూరంలో, ఒక బండ వెనుక నీరు నిలకడగా ఉండే ఎడ్డీలో ఉన్నారు కాబట్టి బతికాను. ఆయన వచ్చి నన్ను ముందుకు లాగలేదు. కాలు ఏ దారిన లోపలికి వెళ్ళిందో ఆ దారినే, ఎగువకు, వెనక్కి లాగారు. బూటు అక్కడే ఉండిపోయింది. అంతా అర నిమిషం కూడా పట్టలేదేమో. ఇంటికి వెళ్ళాక చాలా రోజులు నా భార్యకు చెప్పలేదు. అది కూడా తప్పే.

కాబట్టి పిల్లలారా, పారే నీటిలో పడితే నిలబడవద్దు. వెల్లకిలా తిరగండి. కాలివేళ్ళు నీటిపైన కనబడాలి, పాదాలు దిగువకు ఉండాలి. రాయి వస్తే పాదాలతో తన్నండి. చేతులతో వెనక్కి, ఒడ్డు వైపు వాలుగా ఈదండి. ఎడ్డీ దగ్గరపడితే బోర్లా తిరిగి బలమంతా పెట్టి అందులోకి ఈదండి. నీరు నిలకడైన చోటికో, చీలమండ లోతుకో చేరేదాకా లేవవద్దు. దీనికి ఒక్కటే మినహాయింపు. ఎదురుగా పడిపోయిన చెట్టు ఉండి తప్పించుకోలేకపోతే, కాళ్ళు ముందుకు పెట్టి వెళ్ళవద్దు. బోర్లా తిరిగి, తల ముందుగా దాని మీదికి వేగంగా ఈది, చేతులతో మాను పైకి ఎక్కండి. రాఫ్ట్‌లోంచి పడితే రాఫ్ట్‌కూ బండకూ మధ్య ఎన్నడూ ఉండకండి. తాడు విసిరితే సంచిని కాదు, తాడునే గుండెకు ఆనించి పట్టుకుని, విసిరినవారి వైపు వీపు పెట్టండి. చేతికి మాత్రం చుట్టుకోవద్దు.

లైఫ్ జాకెట్ గురించి తల్లులకు ఒక మాట. బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి వచ్చిందంటే అది వదులుగా ఉన్నట్టే. జీన్స్, హవాయి చెప్పులు వద్దు. ఫోటోలు గైడ్ కంపెనీవాళ్ళే తీస్తారు, ఫోన్ బస్సులో ఉంచమనండి.

ఎగువ గాలీలో ఐరన్ రింగ్ అనే రాపిడ్ ఉంది. దుంగలను నదిలో తేల్చుకుపోయే రోజుల్లో అక్కడి బండకు బిగించిన ఇనుప రింగు వల్ల ఆ పేరు వచ్చింది. ఆ రింగును ఎవరో ఎత్తుకుపోయారు, పేరు మిగిలింది. మూడేళ్ళ క్రితం మా గుంపు ఒడ్డున ఆగి దాన్ని పైనుంచి చూశాము. ఆ రోజు ఉదయం నుంచి నా రోల్ రెండుసార్లు తప్పింది. పడవ భుజాన వేసుకుని బండల మీదుగా నడిచి దిగువకు వెళ్ళాను. మిగతావాళ్ళు దిగడానికి ఒక్కొక్కరికి అర నిమిషం పడితే నాకు ఇరవై నిమిషాలు పట్టింది. ఎవరూ నవ్వలేదు. గురువుగారు కింద నా కోసం కాచుకుని, నీళ్ళ సీసా అందించారు. మన పిల్లలు మాత్రం స్నేహితుల ముందు "నేను రాను" అనలేరు. ఆ మాట అనడం ఇంట్లో మనమే నేర్పించాలి.

సిస్టర్, మీ ప్రశ్నకు వస్తాను. మీ వాడికి పద్నాలుగే కదా. చాలా కంపెనీలు పదిహేను, పదహారేళ్ళు నిండనిదే ఎగువ గాలీకి తీసుకువెళ్ళవు. ఆ నియమం మంచిదే, వయసు ఎక్కువ చెప్పి రాయించకండి. ఈ సంవత్సరం వాణ్ణి చిన్నపిల్లలతోపాటు న్యూ రివర్ ఎగువ భాగానికి పంపించండి. అక్కడ నీరు నెమ్మది. పెద్దపిల్లలు గాలీకి వెళ్ళవచ్చు, లైసెన్సు ఉన్న గైడ్లతో మాత్రమే. స్వంతంగా ట్యూబులు కొనుక్కుని ఏ నదిలోనూ దిగవద్దు.

వచ్చే శనివారం మధ్యాహ్నం మా ఇంటి దగ్గరి పూల్‌కు రెండు త్రో బ్యాగులు, ఆరు లైఫ్ జాకెట్లు తెస్తాను. వెళ్ళే పిల్లలందరినీ తీసుకురండి. "నాకు ఈత వచ్చు అంకుల్" అనేవాళ్ళను ముందుగా తీసుకురండి.