ఆరోగ్య ప్రశ్నోత్తరములు: పొరకు లోపలనా, వెలుపలనా?

ప్ర: నాకు 61 ఏండ్లు. పదేండ్లుగా వరిబీజ మున్నది. నొప్పి లేదు. స్కాను అవసరమా? (భీమవరం)

జ: అవసరమే. నీటి మాటున వృషణము చేతికి సరిగా అందదు, అల్ట్రాసౌండునకు అందును. ఈ వారమే చేయించుకొనుడు.

ప్ర: నాకు 27 ఏండ్లు. వృషణము కడ బఠాణీగింజంత గట్టి గడ్డ, నొప్పి లేదు. ఇంటర్నెట్టులో చూడగా క్యాన్సరని తేలినది. మందుల షాపులో అడిగి రెండు కోర్సులు యాంటీబయాటిక్సు వాడితిని. నేరుగా పెట్ స్కాను చేయించుకొనవచ్చునా? మాఘములో నా పెండ్లి. (హైదరాబాదు)

జ: మీరడిగినది పెట్ స్కానును గూర్చియే గాని, బట్టలు విప్పి వైద్యునికి చూపకుండ తప్పించుకొను దారి యేదైన గలదా యనునదే మీ యుత్తరములోని అసలు ప్రశ్న. అట్టి దారి లేదు. క్యాన్సరని నిశ్చయించుకొనినవాడు యాంటీబయాటిక్కు మ్రింగుట యే తర్కమో నాకు బోధపడలేదు; షాపువాడు మీ గడ్డను చూచెనా? ఇంటర్నెట్టు తడిమెనా?

వృషణమును తెల్లని దళసరి పొర యొకటి ఆవరించి యుండును. గడ్డ ఆ పొరకు లోపల నున్నదా, వెలుపల నున్నదా యన్నదే తొలుత తేలవలసిన సంగతి. సూది, రేడియేషను లేకయే అల్ట్రాసౌండు దానిని చాలవరకు తేల్చును. పెద్దలలో వెలుపలి గడ్డలు హెచ్చుపాలు నిరపాయములు: వీర్యరజ్జువులో లైపోమా, ఎపిడిడిమిస్‌లో అడినోమటాయిడ్ ట్యూమరు వంటివి. ఐనను వృద్ధులలో లైపోసార్కోమా, బాలురలో రాబ్డోమయోసార్కోమా యను అరుదైన దుష్టకణితులు అచ్చటనే పుట్టగలవు గనుక, సందేహము మిగిలినచో ఎమ్మారై తీయింతుము. కొవ్వును రక్తమును అది వేరుపరచి చూపును. లోపలి ఘనమైన గడ్డను మాత్రము, కాదని తేలువరకు క్యాన్సరుగానే యెంచవలెను. ఉల్లిపొరలవంటి వలయములతో, డాప్లరులో రక్తప్రసారమే లేక కనబడు ఎపిడెర్మాయిడ్ సిస్టు ఇందుకు మినహాయింపు. అప్పుడు పెక్కు సందర్భములలో వృషణమును నిలుపుకొనవచ్చును. రక్తములో ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ పరీక్షలు తోడుగా జరుగవలెను. వృషణకోశమున సూది గుచ్చి ముక్క తీయుదు ననువాని దరికి పోకుడు. శస్త్రము చేయవలసివచ్చిన గజ్జ మార్గముననే చేయుదురు.

ఇక పెండ్లి. వృషణ క్యాన్సరే యైనను, ఆలస్యము చేయనిచో హెచ్చుమందికి నయమగును. తండ్రి యగుటకు సాధారణముగా రెండవ వృషణము చాలును, చికిత్సకు ముందే వీర్యమును భద్రపరచుకొనవచ్చును. దిగులుపడకుడు, నాయనా, కాని రేపే యూరాలజిస్టు నొద్దకు పొండు.

ప్ర: మావారి స్కాను రిపోర్టులో మైక్రోలిథియాసిస్ అని వ్రాసినారు. అది క్యాన్సరా? నాకు నిద్ర పట్టుట లేదు. (ఖమ్మం)

జ: కాదమ్మా. అవి సూక్ష్మమైన సున్నపు చుక్కలు. గడ్డగాని, చిన్ననాట వృషణము దిగకుండుటగాని, కుటుంబములో ఈ క్యాన్సరుగాని లేనిచో మందులును మరల మరల స్కానులును అక్కరలేదు. నెల కొకమారు స్నానవేళ ఆయనే తడిమి చూచుకొనిన చాలును. రిపోర్టును ఇరుగుపొరుగులకు చూపుట మానుడు.