పరబాధయందు భాగము

భాగవతులలో ఒకరి బాధను మఱియొకరు పంచుకొనుట సాధ్యమా? ఇది వేదాంతగోష్ఠులలో మాత్రమే పుట్టు ప్రశ్న కాదు. నేడు నగరములలో స్త్రీలు గులాబిరంగు వస్త్రములు ధరించి, రొమ్ము క్యాన్సరుతో బాధపడు స్నేహితురాలి కొఱకు ప్రాతఃకాలమున వీథులవెంట నడచి, విరాళములు ప్రోగుచేయుచున్నారు. "వీరు నడచిన ఆమె రోగమెట్లు తగ్గును?" అని ఆక్షేపించువారు మన గృహములలోనే కలరు. దీనికి సమాధానము మన గురుపరంపరలో లభించుచున్నది.

ఆళవందారులకు రాచపుండు లేచినది. శిష్యుడైన మాఱనేరి నంబి, నాటి సమాజము దూరముగా నుంచిన కులమున జన్మించినవాడు, ఆ వ్యాధిని తనకు ప్రసాదముగా అనుగ్రహింపుమని వేడి గ్రహించెను. తులసిని, తీర్థమును ప్రసాదమని కన్నులకద్దుకొనుట సులభము. పుండును ప్రసాదమనుటకు ఎట్టి హృదయము కావలెను! నంబి పరమపదించిన పిదప పెరియనంబి స్వయముగా అంత్యసంస్కారము జరిపి లోకనిందకు గురియయ్యెను. రామానుజులు ప్రశ్నింపగా, శ్రీరాముడు జటాయువునకు చేసిన సంస్కారమును జ్ఞాపకము చేసెనని పెద్దలు చెప్పుదురు.

రోగిణి మంచముచెంత కూర్చుండి "పూర్వజన్మ పాపము" అని నిట్టూర్చువారు ఈ కథను మఱచుట నాకు ఆశ్చర్యము. యామునాచార్యులు చేసిన పాపమేమి? తెలియని దానికి లెక్కలు కట్టి, బాధపడు స్త్రీని మఱింత బాధించుట భాగవతాపచారమే యగును.

వ్యాధిని మీద వేసికొనుట నంబికి చెల్లినది, మనకు చెల్లదు. అయినను వ్యాధి చుట్టును ఉన్న భారమంతయు మనము మోయదగినదే. నాగాయలంక, కోడూరు ప్రాంతపు స్త్రీ కిరణచికిత్సకై విజయవాడకో గుంటూరుకో పోవలసివచ్చినదనుకొనుడు. ఆ చికిత్స సాధారణముగా వారమునకు ఐదు దినములు, మూడు మొదలు ఆరు వారముల వఱకు సాగును. అర్హులకు శస్త్రచికిత్స, ఔషధముల వ్యయమును ప్రభుత్వ వైద్యసేవా పథకము భరించినను, పోయిన కూలి, బసకయ్యు వ్యయము, తోడు వచ్చువారి భోజనము, ఇంట పిల్లల పోషణ ఎవరు చూతురు? నడకవలన వచ్చిన ధనము ఇచ్చట ప్రసాదమగును.

శ్రీకాకుళాంధ్రదేవుడు స్వప్నమున ఆనతీయగా రాయలు రచించిన ఆముక్తమాల్యదలో, మాలదాసరి తన గానఫలమును ధారపోసి బ్రహ్మరాక్షసుని విముక్తుని చేసెను. తన్ను తినవచ్చిన వానికే అంత ఇచ్చినప్పుడు, చిన్ననాటి నేస్తమునకు ఒక ఉదయపు నడక ఇచ్చుట గొప్పయా?

పరులకై వీథులలో నడచుట ఈ సీమకు క్రొత్తయును కాదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు, గుడివాడ ప్రాంతమువారైన ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలెపట్టి విరాళములు సేకరించిరి. రామారావు ధర్మపత్ని బసవతారకము క్యాన్సరుతోనే పరమపదించెను. ఆమె పేరిటి ఆసుపత్రి హైదరాబాదున 2000లో ప్రారంభమైనది. అమెరికాలోని డల్లాసు నగరమున ఒక సోదరి, 36 ఏండ్లకే రొమ్ము క్యాన్సరుతో గతించిన తన అక్క సుసాన్ కోమెన్ స్మృతికై 1983లో ఇట్టి పరుగును మొదలుపెట్టెను. హైదరాబాదున వైద్యులు పి. రఘురాం, ఇదే వ్యాధిని ఎదుర్కొనిన తమ తల్లి ఉషాలక్ష్మి పేరిట 2007లో ఒక సంస్థను స్థాపించి, ఇట్టి నడకలను జరిపించిరి.

ధనముకంటె నేను మిన్నగా ఎంచునది మఱియొకటి కలదు. ఈ వ్యాధి పేరును మన ఇండ్లలో స్త్రీలు పైకి పలుకరు. మొదట కనిపించు గడ్డకు తఱచు నొప్పి యుండదు. నొప్పి లేదు గనుక భయము లేదనుకొందురు, సిగ్గుచేత భర్తకు, అత్తకు సైతము చెప్పరు. చర్మము సొట్టపడుట, చనుమొన లోనికి పోవుట, రక్తము స్రవించుట కూడ సూచనలే. 2022లో మన దేశమున సుమారు 1,92,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి క్రొత్తగా కలిగినట్లు అంచనా. ముందుగా తెలిసిన చికిత్స తేలిక, బ్రతుకుటకు ఆశ మెండు. ముప్పది యేండ్లు దాటిన స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో పరీక్ష చేయుదురు. మొక్కులు మ్రొక్కుడు, తిరుమంజనము చేయింపుడు. కాని వైద్యుని యొద్దకు పోవుట ఆ దినమే జరుగవలెను. మొక్కు వైద్యమునకు బదులు కాదు.

మాఘపూర్ణిమకు హంసలదీవి సాగరసంగమమునకు, కార్తికమున చిలకలపూడి పాండురంగని సన్నిధికి గుంపులుగా పోవు స్త్రీలు దారిలో ఈ మాట ఒకరికొకరు చెప్పుకొనవచ్చును. నేస్తము కొఱకు ప్రత్యేకముగా నడకను తలపెట్టువారు మాత్రము మొదట ఆమె యింటికి పోయి, ఆమె సమ్మతి నడుగవలెను. ఆమె వలదన్నచో పేరును, చిత్రపటమును ఎచ్చటను ఉంచరాదు. నడచి తెచ్చిన ధనమును సందడి లేక ఆమె చేతికిచ్చి, మఱునాటి బస్సులో ఎవరు తోడుపోవలెనో నిర్ణయించుకొనవలెను.