అద్దం చుట్టూ తిరిగే వలయం

సముద్రం అడుగున ఈదే డైవర్‌కు టైం ఎంతయిందో అంత ముఖ్యం కాదు. సిలిండర్‌లో గాలి ఇంకెంతసేపు వస్తుందో తెలియాలి. 1953లో బ్లాంక్‌పాన్ సంస్థ ఫ్రెంచి నౌకాదళ డైవర్ల కోసం ‘ఫిఫ్టీ ఫాదమ్స్’ వాచీ చేసింది. ఫాదమ్ అంటే ఆరు అడుగులు. యాభై ఫాదమ్‌లంటే సుమారు 91 మీటర్లు.

ఈ వాచీల అద్దం చుట్టూ బెజెల్ అనే వలయం ఉంటుంది. నీళ్లలోకి దిగేముందు దాని మీది గుర్తును నిమిషాల ముల్లుకు ఎదురుగా తిప్పుతారు. తర్వాత ముల్లు బెజెల్‌పై ఏ అంకె దగ్గరుంటే అన్ని నిమిషాలు గడిచినట్టు. మరి రాయి తగిలి బెజెల్ కదిలితే? ముల్లు తిరిగే వైపుకే జరిగితే గడిచిన సమయం తక్కువగా కనిపించి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే తర్వాతి వాచీల్లో బెజెల్ ఎదురు దిశలోనే తిరిగేలా చేశారు. పొరపాటున జరిగినా డైవర్ ముందుగానే పైకి వస్తాడు, అంతే.

పాన్ అమెరికన్ పైలట్ల కోసం 1950లలో రోలెక్స్ చేసిన ‘జీఎంటీ మాస్టర్’లో 24 గంటల బెజెల్, రోజుకొక్కసారే తిరిగే ముల్లు ఉంటాయి. మనం ఏ రాష్ట్రానికి బదిలీ అయినా వాచీ మార్చనక్కర్లేదు కానీ, గ్రీన్‌విచ్‌కు మనకు తేడా ఐదున్నర గంటలు! ఆ అర గంట కోసం బెజెల్‌ను రెండు అంకెల మధ్య ఆపాలి.

పాత వాచీ దొరికితే మూత తెరవకండి. చాలావాటి అంకెలకు రేడియం రంగు పూశారు. మెరుపు పోయినా రేడియం పోదు, సగం తగ్గడానికే దాదాపు 1600 ఏళ్లు పడుతుంది. లోపలి రబ్బరు రింగులు కూడా ఎండిపోయి ఉంటాయి కాబట్టి, ఒకప్పుడు సముద్రంలో మునిగిన వాచీని ఇప్పుడు కుళాయి కింద కూడా పెట్టకూడదు.