కాయకము – కూలి: పొందూరు నూలు నేర్పు పాఠము

పనివారు మనసుపెట్టి పనిచేయుట లేదని పని చేయించువారు తరచుగా నిందించుచుందురు. ఆ మాట అనుటకు ముందు, తాము కోరుచున్నదేమి, దేనిని కొలిచి కూలి ఇచ్చుచున్నాము అని వారు విచారించుకొనవలెను. ఏలయన, కొలతను బట్టియే పని రూపు దిద్దుకొనును. శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు ఇందుకు చక్కని నిదర్శనము.

పొందూరు సన్నఖద్దరునకు పేరుపొందినది. అచ్చటి స్త్రీలు కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, గింజ తీసి, ఏకులు చేసి, ఒంటికదురు రాట్నముపై 100 నంబరు నూలు వడకుదురు. నంబరు పెరిగిన కొలది దారము సన్నమగును. ఒకే బరువు పత్తినుండి 50 నంబరు నూలు ఎంత పొడవు వచ్చునో, 100 నంబరు నూలు అంతకు రెట్టింపు వచ్చును.

కూలిని బరువును బట్టి ఇచ్చిరనుకొందము. సన్ననూలు వడికినామె రెట్టింపు పొడవు వడికియు అదే కూలి పొందును. అట్టిచోట ఎవరైనను ముతకనూలు వైపే మొగ్గుదురు. అది సోమరితనము కాదు. ఆ కొలత నేర్పిన బుద్ధి. చిలపలు లెక్కించి, నంబరును బట్టి కూలి హెచ్చించినచో నేర్పునకు విలువ దక్కును. అయినను, నూలు చూచువాడు తప్పులనే ఎంచి మంచిపనిని ఎన్నడును మెచ్చనిచో, నేర్పరి సైతము తిట్టు తప్పించుకొనుటకే పనిచేయును.

కొలత సరియైనంత మాత్రమున చాలదు. కూలి బ్రతుకునకు సరిపోవలెను. 1935లో గాంధీజీ, వడుకు స్త్రీకి 8 గంటల పనికి 8 అణాలు ఉండవలెనని వాదించిరి. ఖద్దరును చౌకచేయుటకు వడుకువారి కడుపు మాడ్చరాదని ఆయన తలంపు. 1949లో పొందూరున ఏర్పడిన ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము తన పేరులోనే కార్మికుని నిలుపుకొన్నది. అయినను నేడు రాట్నము ముందు ఎక్కువగా పెద్దవయసువారే కనబడుచున్నారు. కూలి చాలని పనికి కూతురిని ఏ తల్లి పిలుచును? తల్లి ప్రక్కన కూర్చుండి నేర్చెడి విద్య ఒక్క తరము తప్పినచో మరల దొరకదు.

బసవేశ్వరుని కాయక ధర్మము పనివానికి మాత్రమే చెప్పినది కాదు. నులియ చందయ్య పేనిన త్రాళ్లకు బసవన్న వెలకు మించి ధనమీయగా, చందయ్య దానిని అంగీకరింపలేదని శరణుల కథ. ఆయన కోరినది దానము కాదు, వెల. వెలకు మించినది పుచ్చుకొనుట కాయకమునకు దోషమైనచో, వెలకు తక్కువ ఇచ్చుట అంతకంటె పెద్ద దోషము కాదా?

మఠములందును గృహములందును వంటవారు, పశువుల కాపరులు, పొలము పనివారు కలరు. పండుగనాడు వస్త్రమిచ్చుట మంచిదే. అది నెలకూలికి బదులు కానేరదు. సేవయను పేర కూలి తగ్గించుటయు కాయకము కాదు. చేయవలసిన పని ముందుగా స్పష్టముగా చెప్పి, సరిగా కొలిచి, కుటుంబము బ్రతుకునంత కూలి వేళకు ఇచ్చినవానికే పనిలోని లోపమును ఎత్తి చూపు అర్హత కలుగును.