పిట్ట ఎక్కడ కనిపించింది?

ఆటపాక కొల్లేరు ప్రాంతంలోని ఊరు. అది కైకలూరు మండలంలో ఉంది. అక్కడి చెరువులో గూడబాతులు గూళ్లు పెడతాయి. వాటి ముక్కు కింద సంచి ఉంటుంది. ఆ సంచితోనే చేపలు పడతాయి. గూళ్ల కోసం నీళ్లలో ఇనుప మంచెలు వేశారు. ఎర్రకాళ్ల కొంగలు కూడా అక్కడికి వస్తాయి.

ఒకనాడు అత్తాకోడళ్లు చెరువు గట్టున నడుస్తున్నారు. కోడలు గూడబాతులను లెక్కపెట్టింది. సెల్‌ఫోన్‌లో ఈబర్డ్ తెరిచింది. ఈబర్డ్ అంటే పక్షుల లెక్క రాసే ఇంటర్నెట్ పుస్తకం. అందులో ఎవరైనా రాయవచ్చు. ఎక్కడ చూశారో కూడా చెప్పాలి.

"చోటు పేరు ఏం రాయను అత్తయ్యా? కృష్ణా జిల్లా అని రాయనా?"

"అదేంటమ్మా! మనది ఇప్పుడు ఏలూరు జిల్లా కదా!"

నిజమే. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. కైకలూరు మండలం కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు వచ్చింది. ఊరు కదల్లేదు. చెరువు కదల్లేదు. జిల్లా గీత మారింది.

జిల్లా పేరు ఒక్కటే రాస్తే ఏమవుతుంది? రేపు లెక్క చూసినవాళ్లు "కృష్ణా జిల్లాలో గూడబాతులు తగ్గిపోయాయి" అనుకుంటారు. పిట్టలు తగ్గలేదు. లెక్కే తప్పింది.

"పొదుపు పుస్తకంలో పేరు లేకుండా డబ్బు రాస్తే అది ఎవరిదని చెబుతాం? ఇదీ అంతే" అంది అత్త.

అందుకే ముందు మ్యాపులో చుక్క పెట్టాలి. పిట్టను చూసిన చోటే పెట్టాలి. ఇంటికి వచ్చి ఇంటి దగ్గర పెట్టకూడదు. చుక్క సరిగ్గా ఉంటే జిల్లా గీత ఎన్నిసార్లు మారినా ఫరవాలేదు. చుక్క ఏ గీత లోపల పడిందో మళ్లీ చూసుకోవచ్చు.

"మరి చుక్క ఒక్కటే చాలా?" అని కోడలు అడిగింది.

చాలదు. కొల్లేరు మొత్తంలో పిట్టలెన్నో తెలియాలంటే కొల్లేరుకు హద్దు కావాలి. ఆ హద్దు అత్తకు తెలుసు. "ఐదో కాంటూరు" అంది. సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తున గీసిన గీత అది. 1999లో ఆ గీత లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. అది నేల ఎత్తును బట్టి గీసిన గీత. జిల్లా పేరు మారినంత మాత్రాన అది మారదు.

పిట్టకు మాత్రం ఏ గీతా లేదు. ఒకచోట గూడు పెడుతుంది. మేతకు గీత దాటి పోతుంది. గీత మన లెక్క కోసమే.

ఆ గీత ఎంత ఉండాలి? మరీ పెద్దదైతే పనికిరాదు. "ఆంధ్రప్రదేశ్‌లో చూశాం" అంటే ఎక్కడని వెతుకుతారు? మరీ చిన్నదైనా కష్టమే. గట్టు గట్టుకూ ఒక పేరు పెడితే లెక్క ముక్కలవుతుంది. ఒక చెరువు, ఒక అడవి, ఒక కొండ అయితే బాగుంటుంది. అందరూ వెళ్లే చోటుకు ఈబర్డ్‌లో ముందే పేరు ఉంటే అదే ఎంచుకోవాలి. ఒకే చెరువుకు పది పేర్లు పెట్టకూడదు.

ఏటా అదే చోట లెక్క రాస్తే మార్పు తెలుస్తుంది. పిట్టలు తగ్గితే కారణం అడగవచ్చు. నీళ్లు ఎండాయా? నీళ్లు పాడయ్యాయా? చేతిలో లెక్క ఉంటే అడిగే మాటకు బలం ఉంటుంది.

కోడలు ఫోను అత్త చేతికిచ్చింది. అత్త కూడబలుక్కుని చదివింది.

"ఆ... ట... పా... క. ఇది మన ఊరి పేరే!"

ఆలోచించండి
1. పిట్టలు తగ్గకుండానే లెక్కలో ఎందుకు తగ్గినట్టు కనిపిస్తాయి?
2. ఐదో కాంటూరు అంటే ఏమిటి?
3. హద్దు మరీ పెద్దదైతే ఏం నష్టం?

చేసి చూడండి
మీ ఊరి చెరువు బొమ్మ గీయండి. దాని హద్దులు రాయండి. అక్కడ చూసిన మూడు పిట్టల పేర్లు, చూసిన తేదీ రాయండి.