గుర్రం తన కథ తానే చెబితే



ఇంటిల్లిపాదీ కలిసి చదువుకోదగిన ఒక పాత ఆంగ్ల నవలను ఈ వారం పరిశీలిద్దాం. దాని పేరు ‘బ్లాక్ బ్యూటీ’. రచయిత్రి ఇంగ్లండుకు చెందిన అన్నా సెవెల్. పద్నాలుగేళ్ల ప్రాయంలో జారిపడి కాలికి దెబ్బ తగలడంతో ఆమె ఇక జీవితాంతం సరిగా నడవలేకపోయారు. ఎక్కడికి వెళ్లాలన్నా గుర్రపుబండే ఆధారం. జబ్బుతో మంచం పట్టి, కొంత తాను రాసి, కొంత తల్లికి చెప్పి రాయించి, 1877లో ఈ ఒక్క నవలను వెలువరించారు. అయిదు నెలలకే కన్నుమూశారు. ఆమె కతోలికురాలు కాదు, క్వేకరు కుటుంబంలో పుట్టారు. అయితేనేం, వినవలసిన మాటే చెప్పారు.

ఇందులో కథ చెప్పేది గుర్రమే. సంఖ్యాకాండము 22వ అధ్యాయంలో బాలాము గాడిద మనకు తెలుసు. మూడుసార్లు దెబ్బలు తిన్నాక గాని అది నోరు విప్పలేదు. దేవదూత కూడా బాలామును ముందుగా అడిగింది, గాడిదను ఎందుకు కొట్టావనే.

అరకు, పాడేరు కొండల్లో ఉన్నవారికి ఈ కథ దూరపుది కాదు. రోడ్డు చేరని ఊళ్లకు సంతలో కొన్న బియ్యం, ఉప్పు ఎక్కించేదీ, అక్కడి కాఫీ గింజలు, మిరియాలు కిందికి దించేదీ గుర్రాలే. నవలలో ఒకచోట షోకు కోసం గుర్రం తల ఎప్పుడూ పైకే ఉండేలా పగ్గం బిగిస్తారు. ఎత్తు ఎక్కేటప్పుడు తల వంచనివ్వకపోతే నడుము ఎలా విరుగుతుందో గుర్రమే చెబుతుంది. ఆ పుటలు మన ఘాటీ దారిని తలచుకుంటూ చదవండి.

పిల్లలతో ముఖ్యంగా మాట్లాడవలసింది జో గ్రీన్ గురించి. యజమానురాలికి ప్రాణం మీదికి వస్తే, వైద్యుని కోసం రాత్రివేళ పరుగెత్తి వచ్చిన గుర్రానికి ఆ కుర్రవాడు చన్నీళ్లు తాగిస్తాడు, ఒంటిమీద దుప్పటి కప్పడు. గుర్రం చావుదాకా పోతుంది. వాడిది ప్రేమే, కాని తెలియనితనం. తెలియక చేశానంటే సరిపోతుందా అని పెద్ద కాపరి జాన్ మండిపడతాడు.

మరి మనకెంత తెలుసు? 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 1965లో చేసిన నియమాల ప్రకారం తట్టువ మీద 70 కిలోలకు మించి, గాడిద మీద 50 కిలోలకు మించి వేయరాదు. విడుపు లేకుండా అయిదు గంటలు, రోజు మొత్తంలో తొమ్మిది గంటలు దాటి పని చేయించరాదు. అటొక 50 కిలోల బస్తా, ఇటొక బస్తా కట్టామంటే వంద! జంతువుల చేత పని చేయించుకోవడం తప్పని శ్రీసభ అనదు. అనవసరంగా వాటిని బాధపెట్టడం మనిషి గౌరవానికే తగదని సత్యోపదేశం (2418) చెబుతుంది.

బండి తోలే శామ్ సంగతి కూడా దాటవేయకండి. బండీ గుర్రాలూ బాడుగవి. రోజూ బాడుగ కట్టాకే ఇంట్లోకి గింజలు. గుర్రాన్ని బాదక ఏం చేయమంటారని అడుగుతాడు. వాడూ పని భారంతోనే పోతాడు. కొండ దారిలో రెండో బస్తా వేసిన మనిషిని తిట్టేముందు, కూలి బేరమాడి తగ్గించింది ఎవరో అడగాలి. అది సంతకు వెళ్లే మనమే కావచ్చు.

జింజర్ అనే ఆడగుర్రం కథ చదివేటప్పుడు చిన్నపిల్లలుంటే పక్కన కూర్చోండి. బండి మీద పోతున్న చచ్చిన గుర్రాన్ని చూసి, అది తన స్నేహితురాలే అయితే బాగుండును, దాని కష్టం తీరును అని బ్యూటీ అనుకుంటుంది. చావు కోరేంత స్నేహం ఏమిటని పిల్లలు తప్పక అడుగుతారు.

చివర్లో ముసలిదైన గుర్రాన్ని శుభ్రం చేస్తూ ఒక కాపరి దాని నుదుటి తెల్లమచ్చను, ఒక తెల్లకాలిని, మెడమీది పాత గుర్తును చూసి ఆగిపోతాడు. అతడు జో గ్రీనే. ఆ పుట మాత్రం పిల్లల చేతనే బిగ్గరగా చదివించండి.